కాలువగట్టు రోడ్లు: వెడల్పుకంటె ముందు అంచు

గోదావరి డెల్టాలోని పల్లెదారులలో పెక్కింటిని రోడ్డు వేయవలెనను సంకల్పముతో ఎవరును నిర్మించి యుండలేదు. 1847లో ధవళేశ్వరమువద్ద ఆరంభమైన ఆనకట్ట పని 1852 నాటికి ముగిసి, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా గోదావరికి అడ్డుగోడ లేచిన పిమ్మట, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు పంపుటకై సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన కాలువలను త్రవ్వినప్పుడు పైకి వచ్చిన మన్నే ఇరువైపుల గట్లుగా నిలిచినది. ఆ కాలువలు చేలకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును ఉద్దేశింపబడినవి కావున, గాలివాలు లేని వేళల పడవను త్రాటితో లాగుచు గట్టువెంబడి నడచు మనుష్యులకు ఒక కాలిబాట ఉండితీరవలసి వచ్చెను. ఆ బాటయే కాలక్రమమున బండ్లదారియై, గ్రావెలు రోడ్డయి, కంకరరోడ్డయి, కట్టకడకు తారురోడ్డయినది. నేడు దానిమీద ఆర్టీసీ బస్సు, కొబ్బరికాయల లారీ, ఇటుకల ట్రాక్టరు, బడిపిల్లల ఆటో, హైదరాబాదునుండి పండుగకు వచ్చిన పెద్దకారు ఎదురెదురుగా పోవుచున్నవి. దాని వెడల్పును మాత్రము నూటడెబ్బది ఏండ్లక్రిందట పడవ లాగినవాని నడకయే నిర్ణయించి పెట్టినది.

డెల్టాలోని పాతదారులు స్థూలముగా మూడు తెగలు. చేలనడుమ పల్లముగా సాగి, వానాకాలమున బురదమయమగు పుంతలు మొదటివి. వరదకు కాపుగా నదివెంట ఎత్తుగా పోవు ఏటిగట్లు రెండవవి. ఊరూరను తాకుచు, లాకులవద్దను వంతెనలవద్దను మలుపు తిరుగుచు పోవు కాలువగట్లు మూడవవి. పుంతలో బండి తప్పినచో చేనిబురదలో కూరుకొనును. మరునాడు ఊరివారు ట్రాక్టరు తెచ్చి లాగి గట్టెక్కింతురు. కాలువగట్టుమీద బండి తప్పినచో మరునాడనునది ఉండకపోవచ్చును. తారు అంచునుండి నీటివరకు గల దూరము పలుచోట్ల రెండు మూడు అడుగులకు మించదు. ఆ రెండు మూడు అడుగులలోనే గడ్డి, దిమ్మెలు, కరెంటు స్తంభము, పూడికమట్టి కుప్ప, పశువుల గుంజలు అన్నియును ఇమిడియుండును. మూడు తెగలలో దీనినే ఇచ్చట ప్రధానముగా గైకొనుటకు కారణము, డ్రైవరు చేయు స్వల్పమైన పొరపాటును సైతము మన్నింపని దారి ఇదియే కావుట.

ఈ ఆపద గోదావరి డెల్టాకే పరిమితమైనది కాదు. 2018 ఏప్రిలులో నల్లగొండ జిల్లా వద్దిపట్లవద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టరు ఎ.ఎం.ఆర్.పి. సాగునీటి కాలువలో పడి తొమ్మిదిమంది, అదే ఏట జూనులో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండవద్ద మూసీ కాలువలో మరియొక ట్రాక్టరు పడి పదిహేనుమంది మరణించిరి. చనిపోయినవారిలో పొలముపనికి బయలుదేరిన స్త్రీలే ఎక్కువ. 2021 డిసెంబరులో జంగారెడ్డిగూడెము సమీపమున ఒక బస్సు వంతెన రెయిలింగును బ్రద్దలుకొట్టుకొని జల్లేరు వాగులో పడినది. రోడ్డుప్రమాదమనగానే మన మనస్సు జాతీయ రహదారివైపు పరుగెత్తును గాని, కేంద్ర రవాణాశాఖ ప్రకటించిన 2022 లెక్కలు వేరొక సంగతిని చెప్పుచున్నవి. ఆ సంవత్సరము దేశమందు రోడ్లమీద మరణించిన 1,68,491 మందిలో జాతీయ రహదారులమీద పోయినవారు 61,038 మంది. రాష్ట్ర రహదారులమీద 41,012 మంది. ఈ రెండింటిలోను చేరక, జిల్లారోడ్లు, పల్లెరోడ్లు, వీధులు అన్నియు కలిసిన ‘ఇతర రోడ్ల’ మీద 66,441 మంది. పత్రికలలో పతాకశీర్షికలు రహదారులకును, ప్రాణనష్టములో అగ్రస్థానము అనామకమైన చిన్నరోడ్లకును దక్కుచున్నవి.

ఇంతకును ఇరుకుదనము అపాయకరమగుట ఎట్లు? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి గ్రామీణ రోడ్ల నియమావళి ప్రకారము మైదానప్రదేశమున ఒంటివరుస రోడ్డునకు తారుభాగము 3.75 మీటర్లు ఉండవలెను. దినమునకు నూరు మోటారు వాహనములైనను తిరుగని చోట మూడు మీటర్లతో సరిపుచ్చుకొనవచ్చును. అయితే ఆ నియమములోనే, చాలమంది చదువక విడిచిపెట్టు మరియొక అంకె కలదు: తారుభాగమును, ఇరుప్రక్కల మార్జిన్లను కలుపుకొని మొత్తము రోడ్డు 7.5 మీటర్లుండవలెను. అనగా ఒక్కొక్క ప్రక్క దాదాపు ఆరడుగుల గట్టిమార్జిను ఉండునను భరోసామీదనే ఒంటివరుస తారు సరిపోవునని నిర్ణయించిరన్నమాట. బస్సు వెడల్పు రమారమి రెండున్నర మీటర్లు. రెండు బస్సులు ఎదురుపడినప్పుడు, నడుమ అడుగైనను ఎడము విడువవలెననిన, ఐదుంబావు మీటర్లకు పైగా కావలెను. తారు ఉన్నది మూడుముప్పాతికయే. కావున ప్రతి బస్సును తన ఎడమచక్రములను రెండున్నర అడుగులకు పైగా తారు దింపితీరవలెను. ఆ దింపినచోట నేల ఎట్లున్నది? కాలువగట్టు రోడ్డు భద్రత యంతయు ఈ ఒక్క ప్రశ్నపై ఆధారపడియున్నది. నియమావళి వాగ్దానము చేసిన మార్జిను చాలచోట్ల గట్టుమీద లేనేలేదు. ఉన్నచోట అది మార్జినన్న పేరునకు తగియుండలేదు.

ఆ మార్జిను ఎట్లు పాడగుచున్నదో చెప్పినగాని ఈ విషయము అవగతము కాదు. ఎన్నికలకు ముందో, పుష్కరములకు ముందో, వర్షములకు కొట్టుకొనిపోయిన తరువాతనో రోడ్డుకు మరల తారు వేయుదురు. పైపొర రెండు సెంటీమీటర్లు. బలము చాలదనుకొనినచో దానిక్రింద మరి ఏడున్నర సెంటీమీటర్ల కంకరపొర. పని ముగిసిననాడు రోడ్డు నల్లగా నిగనిగలాడుచు కన్నులకు పండువగా నుండును; మార్జిను మాత్రము నిన్నటి ఎత్తులోనే ఉండిపోవును. రెండు మూడు పర్యాయములు ఇట్లు జరిగినంతట తారు అంచున జానెడు గడప ఏర్పడును. తారుపొరకు బిల్లు కలదు, కొలత కలదు, శిలాఫలకము కలదు. మార్జిను మట్టికి అంచనాలో పద్దు ఉండనే ఉండదు, ఉండినను కట్టకడపటిది, నిధులు తరిగిన తరుణమున మొట్టమొదట కోతపడునది. పైగా డెల్టాలో ఎచ్చట త్రవ్వినను జిగటమన్నే. గట్టిమార్జినుకు కావలసిన గ్రావెలును మెట్టప్రాంతమునుండి లారీలలో తోలుకొని రావలెను. తోలుడు ఖర్చు తలచుకొని, కాలువలో తీసిన పూడికనే అంచున పోసి, పై పైన చదునుచేసి, మార్జిను ముగిసినదనిపింతురు. తొలకరిలో ఒక్క వాన పడినంతనే అది పాయసమగును.

ఇప్పుడు ఎదుటి లారీకి దారి యిచ్చుటకై కారు ఎడమకు ఒరిగినదనుకొందము. ఎడమచక్రములు గడప దిగినవి. లారీ దాటిపోయినది. డ్రైవరు స్టీరింగు కుడికి త్రిప్పెను. చక్రము ఎక్కలేదు, దాని ప్రక్కభాగము తారు అంచునకు రాచుకొనుచు అట్లే సాగుచున్నది. ఇంకను త్రిప్పెను. ఏదో యొక క్షణమున చక్రము దిగ్గున పైకెక్కును. అప్పటికి స్టీరింగు మితిమీరి తిరిగియున్నది కావున, కారు ఒక్క విసురుతో రోడ్డునకు అడ్డముగా పోయి, కుడిప్రక్క కాలువయున్నచో కాలువలోను, చెట్టున్నచో చెట్టుమీదను పడును. చూచినవారు ‘ఉన్నట్టుండి తిప్పేశాడండీ’ అందురు. త్రాగియుండెనేమో, కునుకు పట్టెనేమో యను ఊహలు పుట్టును. ద్విచక్రవాహనమునకు జానెడు గడప కూడ అక్కరలేదు, మూడు వ్రేళ్ల ఎత్తు చాలును. ఈ ప్రమాదమును తప్పించు ఉపాయమును అమెరికా రహదారిశాఖ వారు ఎంతయో కాలముగా ప్రోత్సహించుచున్నారు. తారు పరచునప్పుడే అంచును నిలువుగా కోయక, ముప్పది డిగ్రీల ఏటవాలుగా నొక్కివేయుట. దిగిన చక్రము దానిమీదుగా మెల్లగా ఎక్కివచ్చును. దీనికి కావలసిన పరికరము తారు పరచు యంత్రమునకు తగిలించు చిన్న అమరిక. అదనపు తారు స్వల్పము. అంతకంటె చవకగా ప్రాణము కాపాడు పని రోడ్డునిర్మాణమున మరియొకటి నాకు తోపదు.

ఎదురువాహనము కనబడుట మరొక చిక్కు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఆపదను చూచి, బ్రేకు త్రొక్కి, పూర్తిగా ఆగుటకు 60 మీటర్లు కావలెనని నియమావళి లెక్క కట్టినది. 40 కిలోమీటర్లకు 45 మీటర్లు, 30 కిలోమీటర్లకు 30 మీటర్లు. రెండువరుసల రోడ్డుమీద ఈ దూరము చాలును. ఒంటివరుస రోడ్డుమీద ఎదురుగా వచ్చువాడును అదే వరుసలో నుండును గనుక, ఇద్దరి దూరములును కలిపి, అనగా 50 కిలోమీటర్ల వేగమునకు 120 మీటర్లు ముందుగా ఒకరికొకరు కనబడితీరవలెను. కాలువమలుపులు ఈ గణితమును ఎరిగి తిరిగినవి కావు. నేలవాలును అనుసరించి నీరు ఎట్లు వంగునో గట్టును అట్లే వంగినది. మలుపు లోపలివైపున అరటిపిలకలో, పెంకుటింటి మూలయో, గడ్డివామో యుండి నలువది మీటర్లకంటె కనబడనీయదు. వంతెనలవద్ద మరియును కష్టము: పూర్వము క్రిందుగా పడవలు పోవలసియుండుటచే ఎత్తుగా, గూనిగా కట్టిన పాతవంతెన నెక్కు వాహనమునకు ఆవలిగట్టుమీద వచ్చునది కనబడదు, దిగీదిగకముందే నిటారుగా కుడికో ఎడమకో తిరుగవలెను.

రాత్రివేళ సంగతి వేరే చెప్పవలసినంతటిది. అవతలిగట్టుమీద పోవు వాహనముల దీపములును, నీటిలో వాని ప్రతిబింబములును క్రొత్తవానికి రోడ్డు తిన్నగా సాగిపోవుచున్నదను భ్రాంతిని కల్పించును. ధనుర్మాసపు మంచులో ఆ భ్రాంతి రెట్టింపగును. సంక్రాంతికి వచ్చు చుట్టములు ఫోనులోని మ్యాపు చూపిన దగ్గరిదారిని నమ్మి అర్ధరాత్రి ఈ గట్లమీదికి ఎక్కుదురు. మ్యాపునకు దూరము తెలియును గాని అంచు తెలియదు. ఇట్టిచోట రోడ్డునకు ఇరువంకల తెల్లని అంచుగీతలు, మలుపులలో దగ్గరదగ్గరగా పాతిన గుంజలకు రేడియం బిళ్ళలు, వంతెన మూలలకు నలుపు పసుపు చారలు ఉండినయెడల, దారి ఎటు వంగుచున్నదో దీపపుకాంతిలో వంద మీటర్ల ముందే తెలిసిపోవును. ఒక కిలోమీటరునకు తారుపొర వేయుటకగు వ్యయముతో పోల్చినచో దీని వ్యయము లెక్కింపదగినది కాదు.

‘కాలువపొడుగునా రెయిలింగు కట్టించినచో సరి’ అను మాట ప్రతి దుర్ఘటన తరువాతను వినబడును. మాట సహజమే గాని, ఆచరణలో దాని చిక్కులు దానికి గలవు. ఇనుపరేకు రెయిలింగు వాహనమును ఆపునది తాను కొంత వంగుటచేతనే. అది వంగుటకు వెనుక మీటరుకు తక్కువకాని నేల కావలెను, స్తంభములు గట్టిమట్టిలో దిగియుండవలెను. నీటి అంచున, జారుమట్టిలో పాతిన స్తంభము కారుతోపాటు తానును కాలువలో దిగును. రోడ్డులోపలికి జరిపి పాతితిమా, ఉన్న ఇరుకునే ఇంకొక అడుగు మ్రింగును. ఎదురుబండికి ఒరిగి తావిచ్చుటకు వీలుండదు. దాని కొనలను నేలలోనికి దింపక మొండిగా విడిచిపెట్టినచో, ఆ కొనయే బల్లెమై కారు ముందుభాగమును చీల్చును. ఇదిగాక ప్రతి పది ఇండ్లకును ఒక రేవు కలదు, ప్రతి బోదెకును ఒక తూము కలదు, లస్కరు వచ్చి తలుపు ఎత్తవలెను, గుర్రపుడెక్క తీయుటకు పొక్లెయిను గట్టుమీదనుండి చేయి చాపవలెను. కావున పొడుగునా కట్టుటకు బదులు మలుపుల వెలుపలిప్రక్కను, వంతెనలకు ఇరుదరుల, బడులముందర, కాలువ లోతైనచోటను కట్టి, తక్కినచోట్ల అంచును గట్టిపరచుట వివేకము. గట్టే బలహీనమైన తావులలో ముందుగా, మన్ను జారకుండ ఆపు రివిట్‌మెంటు గోడ లేచిన తరువాతనే రెయిలింగు మాట.

ఆ రివిట్‌మెంటునకును కాలము ఆటంకము. సార్వా, దాళ్వా పంటలకు నీరు పారుచున్నంతకాలము కాలువలో చేయి పెట్టుటకు వీలులేదు. దాళ్వా ముగిసి కాలువలు కట్టివేసిన తరువాత, మరల నీరు వదలులోగా, ఎండాకాలపు కొద్దివారములే పనికి దొరకును. విచిత్రమేమనగా గట్టు అత్యంత దుర్బలముగా నుండునదియు ఆ వారములలోనే. నెలలతరబడి నీటిని పీల్చుకొనిన జిగటమట్టికి, కాలువలోని నీరు నిండుగా నున్నంతకాలము, ఆ నీటి ఒత్తిడియే ప్రక్కనుండి ఆనుగా నిలుచును. కాలువ కట్టివేయగానే ఆ ఆను హఠాత్తుగా తొలగును. లోపలి తడి మాత్రము వెంటనే వదలదు. అప్పుడు తారు అంచునకు సమాంతరముగా పొడుగాటి పగుళ్లు కనబడును, తరువాత గట్టు పెచ్చుగా జారును. దాళ్వా ధాన్యపు లారీలు బరువుగా తిరుగునదియు సరిగ్గా ఆ దినములలోనే కావుట గమనింపదగినది. ఏప్రిలు, మే మాసములలో గట్టుమీద పొడుగుపగులు చూచినవారు దానిని ఎండకు బీటవారిన నేలగా భావించి ఉపేక్షింపరాదు.

ఈ రోడ్లు కేవలము ప్రయాణసాధనములనుకొనుటయు పొరపాటే. గట్టుమీది ఇంటికి వాకిలి రోడ్డే, కళ్లము రోడ్డే, చావడి రోడ్డే. కోతలకాలమున ధాన్యము ఆరబోయుటకు వేరుతావు లేని రైతు రోడ్డులో సగము పరచి, చుట్టును రాళ్లు పేర్చును. రాత్రి ఆ రాళ్లు మోటారుసైకిలువాని పాలిట మృత్యువులగును. ఆ రైతును తిట్టుట సులభము; ఆరబోతకు ఊరికొక సిమెంటు కళ్లము కట్టించుట కూడ రోడ్డుభద్రత పద్దులోనిదేనని గ్రహించుట కొంత కష్టము. రేవునకు పోవు స్త్రీలు గిన్నెలతో రోడ్డు దాటుదురు, పిల్లలు సైకిళ్లమీద ముగ్గురు ముగ్గురుగా బడికి పోదురు. మనుష్యులును మోటారులును ఇట్లు కలిసిపోవు చోటులలో వేగము 30 కిలోమీటర్లకు మించరాదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమునందు జరిగిన ప్రపంచ రోడ్డుభద్రతా మహాసభ ఉద్ఘోషించినది. 60 కిలోమీటర్ల వేగమున గల తాకుడుశక్తి 30 కిలోమీటర్ల వేగమున దానిలో నాల్గవవంతే యుండును గదా.

కాని బోర్డు నాటినంతమాత్రమున వేగము తగ్గదు. స్పీడుబ్రేకరు వేయుదమన్న, గట్టుమీద దానికొక ప్రత్యేకమైన దోషము కలదు: అంచువరకు వేయక జానెడు సందు విడిచినచో ద్విచక్రవాహనము ఆ సందునుండియే, అనగా నీటికి మిక్కిలి దగ్గరగా, దూరిపోవును. ఊరి మొదట్లో కొద్దిగా ఎత్తుచేసిన వేదికవంటి రోడ్డు, బడివద్ద వేరురంగు పలకలు, మలుపుకు ముందు అడ్డుచారలు, చూపునకే రోడ్డును ఇరుకుగా తోపజేయు అంచుగీతలు — ఇట్టివానివలన డ్రైవరు తనంతట తానే కాలు తీయును.

ఇక వెడల్పు చేయుట. ఎమ్మెల్యేగారికి ఊరివారు ఇచ్చు అర్జీలలో మొదటి కోరిక ఇదియే. ఒకప్రక్క కాలువలోనికి జరిపినచో నీటిదారి కుదించుకొని చివరిభూములకు నీరందదు; రెండవప్రక్కకు జరిపినచో ఇండ్లు, కొబ్బరిచెట్లు, బోదెలు పోవును, పరిహారపు తగవులు ఏండ్లతరబడి సాగును. అన్నియును కుదిరి వెడల్పయిన పిదపనైనను ఏమగును? నలువదిలో పోయినవాడు డెబ్బదిలో పోవును. మలుపు మాత్రము కాటన్ నాటి మలుపే. వంతెన మాత్రము పాతవంతెనయే. వెడల్పాటి రోడ్డు దానివద్ద ఒక్కసారిగా గొంతు నొక్కినట్లగును. వెడల్పు అక్కరలేదని నా వాదము కాదు. బస్సులు, లారీలు ఎక్కువగా తిరుగు ప్రధానదారులకు అది కావలెను. తక్కినవానికి, ఎదురుబండి కనబడునంత దూరములలో బస్సు నిలుచునంత వెడల్పుగల తావులను అక్కడక్కడ ఏర్పరచుట మేలు. స్కాట్లండు కొండపల్లెలలో ఒంటిదారులు నేటికిని ఈ ఏర్పాటుమీదనే నడచుచున్నవి. అచ్చట తావువద్ద ఆగి దారి యిచ్చుట మర్యాదలో భాగము. మనవారికి ఆ ఓపిక అలవడునా యను సందేహము సహేతుకమే గాని, ఆగుటకు తావే లేనిచోట ఓపికను పరీక్షించుట న్యాయము కాదు.

కాలువలు, గట్లు, పల్లపుభూములు — ఈ మూడింటిలోను గోదావరి డెల్టాకు దగ్గరిచుట్టము నెదర్లాండ్సు దేశము. అచ్చటి పల్లెరోడ్లును ఇరుకువే, నీటిప్రక్కవే. వారు 1990లనుండి అనుసరించుచున్న భద్రతావిధానములో చిన్నరోడ్లకు గంటకు 60 కిలోమీటర్ల హద్దు విధించి, నడుమగీతను తుడిచివేసి, ఇరువంకల అంచులకు లోపలగా తునకగీతలు గీచిరి. నడుమగీత లేకపోవుటచే డ్రైవరు రోడ్డు మధ్యగా, అంచునకు దూరముగా పోవును. ఎదురుబండి వచ్చినప్పుడు ఇద్దరును వేగము తగ్గించి ఒరుగుదురు. ఒరిగినచోట చక్రము దిగబడకుండ, తారు అంచునకు చేర్చి, గడ్డి మొలచుటకు రంధ్రములు గల కాంక్రీటు పలకలను పరతురు. చూచుటకు గడ్డి, త్రొక్కుటకు రాయి. జిగటనేలకు ఇంతకంటె తగిన మార్జిను ఉండబోదు. మన ఊళ్లలో సిమెంటు ఇటుకలు పోతపోయువారు దీనిని చేయజాలని వారు కారు.

ఈ మార్గములు తెలిసియు అమలు కాకుండుటకు గల హేతువులలో ఒకటి యాజమాన్యము. గట్టు జలవనరుల శాఖది. దానిమీది తారు రోడ్లు భవనముల శాఖదో, పంచాయతీరాజ్ శాఖదో. అంచునగల స్తంభము విద్యుత్సంస్థది. పూడిక తీయువాడొకడు, దానిని మార్జినుమీద పోసి పోవువాడును వాడే, తొలగింపవలసినవాడు వేరొకడు. అంచు అనునది ఎవ్వరి పటములోను లేదు. రెండవ హేతువు లెక్కల తీరు. జాతీయ రహదారులమీద అయిదువందల మీటర్ల తావులో మూడేండ్లలో ఘోరప్రమాదములు ఐదో, మరణములు పదియో సంభవించినచో దానిని బ్లాక్‌స్పాట్ అని గుర్తించి బాగుచేయుదురు. కాలువగట్టుమీద ప్రమాదము ఒకచోట పోగుపడదు. ఈ ఏడు ఈ మలుపున, వచ్చే ఏడు ఆ లాకువద్ద. ఏ తావునకును ఆ అర్హత లభింపదు, మొత్తము రోడ్డు మాత్రము మనుష్యులను మ్రింగుచునే యుండును. కావున ఇట్టి రోడ్లకు చనిపోయినవారిని లెక్కించుటకు బదులు, లోతుకాలువ, గుడ్డిమలుపు, జారుగట్టు, అంచుగడప అను లక్షణములను నడచి లెక్కించి ముందే సరిదిద్దుట ఒక్కటే పద్ధతి. కేంద్రశాఖవారి లెక్కలలో ప్రమాదములలో నూటికి డెబ్బదికి పైగా అతివేగము ఖాతాలో వ్రాసియున్నవి. వేగము నిజమే, ఆ వేగమునకు ఆహ్వానము పలికిన నున్నని తారును, దిగిన చక్రమును తిరిగి రానీయని అంచును వ్రాయుటకు ఆ పట్టికలో గడి లేదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము 198ఎ విభాగమున, రోడ్డు రూపకల్పనలోను పోషణలోను ప్రమాణములు పాటింపకపోవుటచే మరణమో అంగవైకల్యమో సంభవించినచో బాధ్యులైన అధికారసంస్థకు, కాంట్రాక్టరుకు, సలహాదారునకు లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చునని చేర్చిరి. ఆ విభాగమును ఊరివారు తెలిసికొని యుండుట మంచిది.

రోడ్డు బాగుపడువరకు ఈ దారులలో తిరుగక తప్పనివారికి ఒక్క మాట. కారు నీటిలో పడినంతనే మునుగదు. చాలసార్లు అరనిమిషమో, నిమిషమో తేలును. ఆ లోపల చేయవలసినది ఫోను కాదు: బెల్టు విప్పుట, ప్రక్కఅద్దము దింపుట, పిల్లలను ముందు వెలుపలికి త్రోసి తాము బయటపడుట. నీరు సగము తలుపు ఎక్కినప్పుడు వెలుపలి ఒత్తిడి వంద కిలోలు దాటును గనుక తలుపుతో పెనుగులాడుట వృథా. అద్దము దిగనిచో పగులగొట్టుటకు చిన్న సుత్తి చేతికందుచోట ఉండవలెను; ముందరి అద్దము పగులదు, ప్రక్కఅద్దపు మూలను కొట్టవలెను. ఈదివచ్చినవాడు ఎక్కుటకు రివిట్‌మెంటు గోడకు అక్కడక్కడ మెట్లుండవలెననునది గోడ కట్టువారు మరచు సంగతి. నున్నని గోడమీద నాచు పట్టినపిదప ఈతగాడైనను ఎక్కలేడు.

మీ ఊరి గట్టురోడ్డుకు ఈసారి తారు మంజూరైనప్పుడు, గ్రామసభలోనో, పని జరుగుచోటనో ఇంజనీరుగారిని కలిసి, అంచనా కాగితములో మార్జిను గ్రావెలుకు, అంచుగీతలకు, మలుపు గుంజలకు పద్దు కలదా లేదా యని అడుగుడు. లేదనినచో, కాలువలు కట్టివేయకమునుపే, తారు పరవకమునుపే, ఆ పద్దు చేర్పించుటకు పంచాయతీ తీర్మానము చేయించుడు. పైపొర ఒక సెంటీమీటరు తగ్గినను ఫరవాలేదు. అంచు లేని రోడ్డును ఒప్పుకొనకుడు.